కిటికీ దగ్గర పళ్ళెం

నాంపల్లి,
20-8-1964

చిరంజీవి మల్లేశ్వరరావుకు,

ఆ రోజు ఏం జరిగిందని రైలు కదిలే ముందు అడిగావు. ప్లాట్‌ఫారం మీద నలుగురిలో చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు మీ అక్క ఆలస్యంగా లేచింది. కొన్నాళ్ళుగా అలాగే లేస్తోంది కనుక నేను పట్టించుకోలేదు. పాలు నేనే కాచాను. కాఫీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది. మాట కాస్త ముద్దగా వచ్చింది. "తల దిమ్ముగా ఉందండీ" అంది. పడుకోమన్నాను, నేను ఆఫీసు క్యాంటీన్లో తింటానన్నాను. "రోజూ క్యాంటీనేనా? మీ వాళ్ళు నన్నేమనుకుంటారు?" అని బియ్యం కొలిచింది.

అంతకు ముందు వాన పడింది. పెరట్లో కుళాయి దగ్గర బండలు తడిగా ఉన్నాయి. బియ్యం కడగడానికి వెళ్ళింది. గిన్నె పడిన చప్పుడయింది. గిన్నే కదా అనుకున్నాను. చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళాను. ఆమె కుళాయి గట్టు పక్కన పడి ఉంది. తల వెనక దెబ్బ. చుట్టూ బియ్యం.

ఇంటివారు బాలకిషన్ గారు రిక్షా పిలిచారు. ఆయన భార్య అహల్యమ్మగారు మీ అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఏం మందులు వాడుతోందని అడిగాడు. నిద్రమాత్ర, రోజుకు ఒకటి అన్నాను. అతను కనురెప్పలు ఎత్తి చూసి, "ఒకటి కాదండీ" అన్నాడు. మత్తు దిగకుండానే లేచి నడిచిందన్నాడు. సాయంత్రం పోయింది. తెలివి రాలేదు.

మూడేసి వేసుకుంటోందని తరవాత అహల్యమ్మగారు చెప్పారు. ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియదు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
కోదండరామయ్య


తెనాలి,
29-8-1964

పూజ్యులు బావగారికి మల్లేశ్వరరావు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివి, అమ్మ కంట పడకుండా నా మందుల బీరువాలో పెట్టాను. అమ్మకు కాలు జారిందని మాత్రమే చెప్పాం. ఆవిడ రోజూ మన పెరట్లో బండలు కడిగించి పాచి గీయిస్తోంది. ఇంటికొచ్చిన ప్రతివారికీ కాలు జాగ్రత్త అని చెబుతోంది. వరలక్ష్మికి నెలలు నిండుతున్నాయి. మరదలికి అక్క చెయ్యాలనుకున్న సీమంతం సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

బావగారూ, నేను డాక్టరును. ఒక మాట అడగక తప్పదు, కోపగించుకోకండి. మూడు మాత్రలు మనిషి ఊరికే వేసుకోదు. అక్క మనసులో ఏదైనా ఉందా? పిల్లలు లేరన్న బెంగ ఎప్పుడూ పైకి చెప్పేది కాదు. ఊరు కాని ఊళ్ళో ఎనిమిదేళ్ళు ఒంటరిగా గడిపింది. కావాలనే వేసుకుందా? ఉన్నదున్నట్టు రాయండి. నేను తట్టుకోగలను.

ఆ మాత్రలు రాసిచ్చిన పెద్దమనిషి ఎవరు? పేరు, చిరునామా పంపండి.

మీ
మల్లేశ్వరరావు


నాంపల్లి,
10-9-1964

చి. మల్లేశ్వరరావుకు,

నీ మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది.

కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు ఇక్కడికి వచ్చినప్పుడు స్టేషను పక్క సందులో ఈ వాటా దొరికింది. ఇంజన్ల కూతకు మీ అక్కకు నిద్ర పట్టేది కాదు. అహల్యమ్మగారు ఆబిడ్స్‌లో డాక్టర్ రామచందర్ గారి దవాఖానకు తీసుకువెళ్ళారు. ఆయన మంచివాడు. మీ అక్క నాడి చూసి, ఊరు, పుట్టింటి సంగతులు అడిగి, రెండు వారాలకని మాత్రలు రాశారు. నెల తిరక్కుండానే ఆమెకు రైళ్ళు అలవాటయ్యాయి. మాత్ర అలవాటు మిగిలిపోయింది.

అక్కడి పద్ధతి చెబుతాను. దవాఖాన వసారాలో బల్లలుంటాయి. కొత్తవాళ్ళు వాటి మీద కూర్చుని పేరు పిలిచేదాకా ఆగాలి. పాత ఇళ్ళవాళ్ళు ఆగనక్కరలేదు. మందుల గది కిటికీ దగ్గర ఇత్తడి పళ్ళెం ఉంటుంది. పాత చీటీ అందులో వేస్తే కాంపౌండరు వెంకటేశం పొట్లం కట్టి ఇస్తాడు. డాక్టరుగారి తండ్రి కాలం నుంచి అదొక మర్యాద. అహల్యమ్మగారి మాట మీద మాకూ ఆ మర్యాద దక్కింది. మీ అక్క ఎంతో సంబరపడింది. "మనల్నీ ఈ ఊరివాళ్ళలో కలుపుకున్నారండీ" అంది. ఆ తరవాత ఆమె డాక్టరు ఎదుట కూర్చోలేదు. నేనే ఆఫీసు నుంచి వస్తూ చాలాసార్లు చీటీ పళ్ళెంలో వేశాను.

ఒక సంగతి నువ్వే చెప్పాలి. ఈ మాత్రలు ఎన్ని వేసుకుంటే ప్రాణానికి ప్రమాదం? ఇంట్లో ఒక సీసాడు మాత్రలున్నాయి. ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? వెంటనే రాయి.

కోదండరామయ్య


తెనాలి,
16-9-1964

పూజ్యులు బావగారికి,

ఈ ఉత్తరం కంటే ముందే నా టెలిగ్రాం అంది ఉంటుంది. సీసా మురుగుకాలవలో ఒంపెయ్యండి. మీ ఒట్టు, అక్క మీద ఒట్టు. నేను వెంటనే బయలుదేరాలి, కానీ వరలక్ష్మికి ఏ పూటైనా నొప్పులు రావచ్చు. అమ్మ ఒక్కతే ఉంది. బాలకిషన్ గారి ఇంట్లో పడుకోండి. ఆఫీసుకు సెలవు పెట్టి ఇక్కడికి వచ్చేస్తే మరీ మంచిది. మీ పూజ, మీ దినపత్రిక, మీ మౌనం, దేనికీ ఈ ఇంట్లో ఎవరూ అడ్డు రారు.

జవాబు లేదన్నారు. నాకు అర్థమయింది. అక్క సంగతి ఇక అడగను.

కానీ ఆ డాక్టరును వదలను. నిన్ననే అతనికి రిజిస్టరు ఉత్తరం పంపాను. నువ్వు డాక్టరువా, కిరాణా కొట్టు వాడివా అని రాశాను. మా అక్కను చంపావని కూడా రాశాను. వైద్య మండలికి ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. మీ సంతకం కావాలి.

మల్లేశ్వరరావు


నాంపల్లి,
27-9-1964

చి. మల్లేశ్వరరావుకు,

నేను చావను. ముందు అది తెలుసుకో.

టెలిగ్రాం వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. అహల్యమ్మగారు దాన్ని చూడగానే తెనాలిలో ఎవరో పోయారని ఏడుపు మొదలుపెట్టారట. సందంతా మా వసారాలో ఉంది. బాలకిషన్ గారు చదివి చెప్పాక ఆవిడ నా మీద విరుచుకుపడ్డారు. "ఏంది సార్ గిది? ఏం సీసా? కమలమ్మ పోయిన బాధ చాలదా మాకు? మీరు గిట్లాంటి పని చేస్తే మా ఇల్లు కిరాయికి ఎవడొస్తడు?" అన్నారు. చివరి మాట అనేసి ఆవిడే ఏడ్చారు. ఇప్పుడు పూట పూటకూ వచ్చి, నేను ఉన్నానో లేదో చూసి పోతున్నారు.

నేను అడిగింది ఆవిడ గురించి. ఆవిడా అదే మాత్ర వేసుకుంటున్నారు, మీ అక్క కంటే చాలా ముందు నుంచి. పొద్దున గోడ పట్టుకుని నడుస్తారు. పెరట్లో అదే కుళాయి, అవే బండలు.

నా గురించీ అడిగాను. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి నేనూ వేసుకుంటున్నాను. పరామర్శకు వచ్చినవాళ్ళంతా నిద్రపొమ్మన్నారు. చీటీ దేవుడి గూట్లో ఉంది. తీసుకువెళ్ళి పళ్ళెంలో వేశాను. మాత్రలిచ్చారు. చీటీ మీద పేరు మీ అక్కది.

నీ ఉత్తరం రామచందర్ గారికి అందింది. పళ్ళెం తీసేయమని అడుగుదామని వెళ్ళాను. లోపలికి పిలవలేదు. వెంకటేశం బయటికి వచ్చి, "సాబ్ బాగ నారాజ్ ఉన్నరు సార్. మీ బావమరిది ఖూనీ చేసినవని రాసిండంట. రెండు దినాల సంది సరిగ్గ అన్నం తింటలేరు. ఇప్పుడు మిమ్మల్ని చూడనంటున్నరు" అన్నాడు. సరే అన్నాను. తిరిగి వస్తూ చీటీ పళ్ళెంలో వేశాను. పొట్లం వచ్చింది.

డాక్టరు నన్ను చూడనన్నాడు. కిటికీ మందిచ్చింది. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

ఫిర్యాదు మీద సంతకం పెట్టను. ఆయన్ను శిక్షిస్తే పళ్ళెం ఇంకో దవాఖాన కిటికీకి మారుతుంది. నాకు కావలసింది పళ్ళెం పోవడం. నీ ఉత్తరం వల్ల ఆ పని వెనక్కు పోయింది.

ఒకేసారి మానవచ్చా లేదా, అది రాయి.

కోదండరామయ్య


తెనాలి,
14-10-1964

పూజ్యులు బావగారికి నమస్కారాలు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అమ్మ పిల్లను చూసి అక్క పోలిక అంది.

ముందు మందు సంగతి. ఒకేసారి మానకండి, అహల్యమ్మగారి చేత కూడా మానిపించకండి. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు హఠాత్తుగా ఆపితే వణుకు వస్తుంది, మూర్ఛలు రావచ్చు. మీరు మొదలుపెట్టి కొద్ది కాలమే కనుక తొందరగానే బయటపడతారు. మాత్రను సగం చేసుకోండి. అది అలవాటయ్యాక ఆ సగంలో సగం. ఆవిడకు మాత్రం నెలలు పడుతుంది. డాక్టరు కళ్ళతో చూస్తూ తగ్గించాలి. తగ్గించేటప్పుడు కొన్నాళ్ళు నిద్ర ఇంకా పాడవుతుంది. దానికి భయపడే జనం మళ్ళీ వేసుకుంటారు. పగలు పడుకోకండి, సాయంత్రం కాఫీ మానండి, నడవండి.

ఇది రాస్తూ ఒక సంగతి గమనించాను. నా ఆసుపత్రిలో కిటికీ లేదు. కానీ మొన్న సంతనాడు ఒక రైతు "పాత మందేనండీ" అంటే తలెత్తకుండా రాసిచ్చాను. అతను గుమ్మం దాటాక వెనక్కు పిలిచాను. మీ ఉత్తరాల వల్ల నా పని ఆలస్యమవుతోంది.

అయినా ఆ మనిషిని క్షమించలేను. మీరు ఆయన్ను వెనకేసుకు రావడం నాకు కష్టంగానే ఉంది. పోయింది మా అక్క.

ఇంకొకటి. మీ పేరు మీద రైలు పార్సిల్లో సీతాఫలాల గంప వచ్చింది. ముక్క ఉత్తరం కూడా లేదు. ఏడాది తిరగని ఇంటి నుంచి పళ్ళ గంప ఏమిటని అమ్మ బాధపడింది. నాకూ నచ్చలేదు. ఇప్పుడు ఎవరు తింటారని పంపారు?

మల్లేశ్వరరావు


నాంపల్లి,
8-11-1964

చి. మల్లేశ్వరరావుకు,

పాపకు నా ఆశీస్సులు.

గంప నేను పంపలేదు. చేర్చింది మాత్రమే నేను. మొజంజాహీ మార్కెట్లో మీ అక్క ఎప్పుడూ కొనే పళ్ళ దుకాణం ఉంది. దసరా ముందు ఆ దుకాణదారు మా ఇంటికి మనిషిని పంపాడు, అమ్మగారి గంప సిద్ధమని. చనిపోవడానికి రెండు మూడు రోజుల ముందు మీ అక్క వెళ్ళి చెప్పి వచ్చిందట. తొలి కాపులో మంచి కాయలు ఏరి ఉంచాలని, తమ్ముడి భార్య అప్పటికి నిండు నెలలతో ఉంటుందని, తెనాలి చేరేసరికి పండేటట్టు ఉండాలని. గడ్డి ఎక్కువ వేసి కట్టమని కూడా చెప్పిందట. ఉత్తరం రాయవలసింది. కూర్చున్నాను, రాలేదు.

కావాలనే వేసుకుందా అని నువ్వు అడిగినదానికి జవాబు అదే. అప్పుడు నా దగ్గర లేదు. ఆగస్టులోనే ఆమె అక్టోబరు గురించి ఆలోచిస్తోంది. ఒక మాత్ర పనిచేయడం మానేసింది, రెండు వేసుకుంది. రెండు చాలలేదు. అడగవలసిన మనిషి ఎదుట కూర్చునే అవకాశం లేదు. అంతే జరిగింది. అమ్మగారికి ఈ మాట చెప్పు.

కిందటి వారం దవాఖాన మూసే వేళకు రామచందర్ గారి దగ్గరకు వెళ్ళాను. ఈసారి లోపలికి రానిచ్చారు. "కూసోండి సార్. మీ బావమరిది ఇంకొకటి రాసిండా?" అన్నారు. లేదన్నాను. చీటీ తీసి బల్ల మీద పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "నా రాతనే" అన్నారు.

"పేరు చదవండి."

చదివారు. వెనక్కు తిప్పమన్నాను. మందు ఇచ్చినప్పుడల్లా వెంకటేశం వెనక తారీఖు వేస్తాడు. ఆయన వేలు ఆగస్టు దగ్గర ఆగింది. తరవాత సెప్టెంబరు, అక్టోబరు.

"ఎవరు తీస్కపోయిన్రు?"

"నేను."

"ఎవరికోసం?"

"నాకే."

ఆయన వెంకటేశాన్ని పిలిచారు. అతను చీటీ చూసి, "పాత ఇంటోళ్ళ చీటీ కదా సాబ్. సార్ పెట్టిండు, ఇచ్చిన. పాతోళ్ళను పట్టుకొని ఎవరికని అడుగుతమా?" అన్నాడు.

"అడగద్దని చెప్పింది నేనే కదా, పో" అన్నారు డాక్టరుగారు.

చీటీని మళ్ళీ ముందు వైపుకు తిప్పారు. తరవాత, "రెండు వారాలకే రాసిన సార్. నిద్ర పట్టకుంటే మళ్ళ వస్తదనుకున్న" అన్నారు.

"రానక్కరలేకుండా పళ్ళెం ఉంది."

"అది మర్యాదకు పెట్టింది."

"తెలుసు. మేమూ మర్యాదగానే పుచ్చుకున్నాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిద్ర లేదని వచ్చినవాడి కథ వినాలంటే పొద్దంతా చాలదని, మాత్ర రాస్తే బల్ల ఖాళీ అవుతుందని అన్నారు. దాచకుండా చెప్పారు. నేను వాదించలేదు. మీ అక్కను మొదటిరోజు ఊరు అడిగారని, పుట్టింటి సంగతులు అడిగారని, ఇంటికి వచ్చి ఆమె అది నాకు చెప్పిందని మాత్రం అన్నాను. ఆయనకు గుర్తు లేదు. "తెనాలా?" అని అడిగారు. ఔనన్నాను.

చీటీ ఆయన దగ్గరే ఉంచుకున్నారు.

మర్నాడు పళ్ళెం తీసేశారు. నిద్రమాత్రలు కావలసినవాళ్ళు, పాతవాళ్ళయినా సరే, బల్ల మీద కూర్చుని ఆయన్ను చూసే తీసుకోవాలని వెంకటేశం కిటికీ దగ్గర నిలబడి చెబుతున్నాడు. నీ పద్ధతిలోనే తగ్గిస్తానన్నారు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. "పిల్లగాడు కోపిష్టి గానీ చదువుకున్నోడే" అన్నారు.

ఇప్పటికి ఒక్క పాత ఇంటివారూ బల్ల మీద కూర్చోలేదు. కొందరు నౌకర్ల చేత చీటీ పంపి, తిరిగి వస్తే తిట్టారట. కొందరు వేరే దవాఖానకు పోయారు. నిన్న ఆయన నాకు కబురు పంపారు. "ఈ వారం చూస్త సార్. పాతోళ్ళు ఒక్కరన్న కూసుంటే మిగిలినోళ్ళకు చెప్పుకోవచ్చు. ఎవరూ రాకుంటే పళ్ళెం మళ్ళ పెట్టాల్సొస్తది. నాకూ ఇల్లున్నది." తప్పు పట్టలేను.

సాయంత్రం అహల్యమ్మగారిని అడిగాను. పొట్లంలో మాత్రలు అయిపోవచ్చాయని ఆవిడకు దిగులుగా ఉంది, రోషంగానూ ఉంది.

"నా పెండ్లయిన సంది గా కిటికిల చీటీ వేస్తున్న సార్. ఇప్పుడు బీమారోళ్ళ నడుమ కూసోవాల్నా?"

"మనమూ బీమారోళ్ళమే కదమ్మా."

"నాకేం బీమారి? నిద్ర పడ్తలేదు, గంతే. మీరు కూసుంటరా ముందుగాల, ఆఫీసర్ సాబ్? ఖైరతాబాద్ ఆఫీసుల మీ నౌకర్లు చూస్తే ఏమైతది?"

"కూర్చుంటాను."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. "కమలమ్మ ఉంటే నవ్వుతుండె" అన్నారు. తరవాత పెరట్లోకి చూసి, "జర ఆ బండల మీద ఇసుక పోయిస్త" అన్నారు. వస్తాననలేదు. రాననలేదు. బాలకిషన్ గారు మాత్రం ఇందాక తలుపు కొట్టి, ఎన్నింటికి బయలుదేరాలని అడిగి వెళ్ళారు.

నేను పావు మాత్ర దాకా దిగాను. నిద్ర తక్కువ. ఇంజన్ల కూత వినబడుతోంది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి, ఆమె విన్నది నేను ఇప్పుడు వింటున్నాను.

ఆ డాక్టరును క్షమించమని నిన్ను అడగను. నేను క్షమించానో లేదో నాకూ తెలియదు. ఆ పళ్ళెం మళ్ళీ పెట్టనివ్వకూడదు. అంతవరకు తెలుసు.

రేపు పొద్దున ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి పెట్టాను. అహల్యమ్మగారు వస్తే ఆవిడతో, రాకపోతే ఒక్కణ్ణే, ఆబిడ్స్ దాకా నడిచి వెళ్ళి, కొత్తవాళ్ళ బల్ల మీద చివర కూర్చుంటాను. వెంకటేశం పేరు అడిగితే నా పేరు చెబుతాను.

కోదండరామయ్య